కర్నూలు ఎండల్లో పాత సర్వర్‌తో ఇంటి స్టోరేజీ: ఏది కొనాలి, ఎక్కడ పెట్టాలి

మీరు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. కర్నూలులో మీకు పెళ్ళిళ్ళ ఫోటో స్టూడియో ఉంది. 14 ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కుల్లో కలిపి 16 టీబీ ఫుటేజీ ఉంది, ఏడాదికి ఇంకో 3 టీబీ చేరుతోంది. పోయినేడాది రెండు డిస్కులు చెడిపోయి ఒక పెళ్ళి మొత్తం పోయింది. బెంగళూరులో ఒక డీలర్ డెల్ ఆర్720 రాక్ సర్వర్‌ను (ఇనుప చట్రంలో అడ్డంగా బిగించే పలుచటి రకం) రెండు జియాన్ ప్రాసెసర్లు, 128 జీబీ మెమరీ, ఆరు 4 టీబీ సాస్ డిస్కులతో (సర్వర్లలో వాడే రకం) ఇస్తానంటున్నాడు. దాన్ని మేడ మీది గదిలో పెట్టాలని మీ ఆలోచన. కొనొచ్చా, పాత డిస్కుల్ని నమ్మొచ్చా, కరెంటు పోతే ఎలా, ఎక్స్‌టర్నల్ డిస్కుల్ని విప్పి లోపలివి వాడుకోవచ్చా అని అడిగారు.

నేను బెంగళూరులో చాలా ఏళ్ళు డేటా సెంటర్ పని చేసి కడపకు తిరిగొచ్చాను. 2016 నుంచి మా ఇంటి డేటా, మా బావ స్టూడియో డేటా రెండూ సెకండ్ హ్యాండ్ సర్వర్ల మీదే నడుపుతున్నాను. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. ఒక పెళ్ళి ఫుటేజీ పోతే ఆ కుటుంబానికి ఏం చెప్పాలో తెలియని పరిస్థితిని మా బావ దగ్గర కళ్ళారా చూశాను.

పాత సర్వర్ తప్పకుండా కొనండి, కానీ ఆ ఆర్720 వద్దు. 2012లో వచ్చిన గట్టి యంత్రమే అది. మీ పనికి మాత్రం పొసగదు. మొదట కెపాసిటీ చూడండి. ఆరు డిస్కుల్లో రెండింటి జాగా రక్షణకు వదిలేస్తే మిగిలేది నాలుగు, అంటే 16 టీబీ. మీ దగ్గరున్నదే 16 టీబీ కాబట్టి మొదటి రోజే నిండిపోతుంది. పోనీ పెద్ద డిస్కులు వేసుకుందామా అంటే, ఆర్720లో కొన్ని 3.5 అంగుళాల బేలతో (డిస్కు పెట్టే అరలు), కొన్ని 2.5 అంగుళాల బేలతో వస్తాయి. సెకండ్ హ్యాండ్‌లో 2.5వి చాలా తిరుగుతుంటాయి, వాటిలో 8 టీబీ మామూలు హార్డ్ డిస్కు పట్టదు. ఏ పాత సర్వర్ కొన్నా ముందు భాగం ఫోటో తెప్పించుకుని బేల సైజు చూడకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

తర్వాత కరెంటు. రెండు ప్రాసెసర్లు, అంత మెమరీ, ఆరు డిస్కులు, ఫ్యాన్లు కలిపి ఏ పనీ లేకుండా ఊరికే వెలుగుతున్నా 150 వాట్లు తీసుకుంటుందనుకోండి. నెలకు 108 యూనిట్లు. మన ఇళ్ళలో ఎండాకాలం కూలర్, ఏసీలతో వాడకం ఎలాగూ 225 యూనిట్లు దాటుతుంది, కాబట్టి ఈ 108 వచ్చి పడేది పై స్లాబులోనే. యూనిట్ 8.75 రూపాయల లెక్కన నెలకు 945, ఏడాదికి 11 వేల పైన. ఒకే ప్రాసెసర్ ఉన్న, పీసీలా నిలబడే టవర్ సర్వర్ అన్నే డిస్కులతో 65 వాట్ల దగ్గర నడుస్తుంది, అంటే నెలకు 47 యూనిట్లు. మిగిలే డబ్బు డిస్కుల మీద పెట్టొచ్చు. ఇక చప్పుడు. రాక్ సర్వర్ల చిన్న ఫ్యాన్లు ఎండ పెరిగేకొద్దీ కీచుమంటాయి. డెల్ వాటిలో బయటి కంపెనీ కార్డు పెడితే చల్లగా ఉన్నా ఫ్యాన్ల స్పీడు పెరిగే అలవాటు ఒకటుంది. పక్క గదిలో పెద్దవాళ్ళు పడుకుంటారని రాశారు కాబట్టి ఈ ఒక్క కారణమే చాలు.

మీరు వెతకాల్సింది డెల్ టీ330 లాంటి టవర్, లేదా హెచ్‌పీ ఎంఎల్110 జెన్9. రెండింటిలోనూ 8 వరకు 3.5 అంగుళాల డిస్కులు పట్టే మోడళ్ళు వచ్చాయి. ఫ్యాన్లు పెద్దవి, నెమ్మదిగా తిరుగుతాయి. మెమరీ దగ్గర ఒక మెలిక ఉంది, ఇక్కడ చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. రెండింటిదీ తప్పులు తానే దిద్దుకునే ఈసీసీ మెమరీయే, కానీ టీ330లోని జియాన్ ఇ3 తీసుకునేది అన్‌బఫర్డ్ రకం, ఎంఎల్110లోని జియాన్ ఇ5 తీసుకునేది రిజిస్టర్డ్ రకం. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదానిది ఇంకోదానిలో పనిచేయదు. మార్కెట్లో చవగ్గా కుప్పలుగా దొరికేది రిజిస్టర్డ్ రకమే. అందుకే సర్వర్‌తోపాటే కనీసం 16 జీబీ, వీలైతే 32 జీబీ వేయించుకుని తీసుకోండి. 128 జీబీ మీకు అక్కర్లేదు. ప్రాసెసర్ గురించి అసలు ఆలోచించకండి, ఫైళ్ళు దాచడానికి ఏదైనా చాలు.

ఇప్పుడు అసలు విషయం. పాత యంత్రాన్ని ధైర్యంగా వాడాలంటే డేటా ఆ యంత్రానికి కట్టుబడి ఉండకూడదు. మదర్‌బోర్డు కాలిపోయినా, పవర్ సప్లై పోయినా, డిస్కులు తీసి ఇంకో పెట్టెలో పెడితే ఫైళ్ళు కనబడాలి. సర్వర్‌తో వచ్చే హార్డ్‌వేర్ రెయిడ్ కార్డు (డిస్కులన్నిటినీ కలిపి ఒకటిగా చూపించేది) దీనికి అడ్డం. డిస్కుల అమరిక దాని పద్ధతిలో రాసుకుంటుంది కాబట్టి కార్డు పోతే అలాంటి కార్డే వెతకాలి. మీరు చేయాల్సింది జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ వాడి, డిస్కులను నేరుగా దానికి చూపించడం. కార్డును హెచ్‌బీఏ మోడ్‌లోకి, అంటే డిస్కులను కలపకుండా ఉన్నవి ఉన్నట్టు చూపించే పద్ధతిలోకి, మార్చే వీలుంటే మార్చండి. లేకపోతే ఎల్‌ఎస్‌ఐ 9211-8ఐ గానీ 9207-8ఐ గానీ అదే పని చేసే ఐటీ మోడ్ ఫర్మ్‌వేర్‌తో కొనండి. ఒక్కో కార్డుకు ఎనిమిది డిస్కులు తగిలించొచ్చు. సాస్ డిస్కులూ నడుస్తాయి, మామూలు పీసీల్లో ఉండే సాటా డిస్కులూ నడుస్తాయి. మామూలు పీసీ బోర్డుకు మాత్రం సాస్ డిస్కు తగలదు, కనెక్టర్ మధ్యలో గాడి ఉండదు. ఇలా పెట్టుకుంటే సర్వర్ చచ్చిపోయిన రోజు ఆ కార్డునూ డిస్కులనూ స్టూడియోలో ఉన్న ఏ పీసీలోనైనా పెట్టి, పూల్‌ను (జెడ్‌ఎఫ్‌ఎస్ కలిపి కట్టిన డిస్కుల గుంపు) ఇంపోర్ట్ చేసుకుని అదే రాత్రి పని మొదలుపెట్టొచ్చు. నేను రెండుసార్లు పెట్టె మార్చాను, రెండుసార్లూ ఒక్క ఫైలు కూడా పోలేదు.

జెడ్‌ఎఫ్‌ఎస్ రాసే ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్ (సరిచూసుకునే లెక్క) దాచుకుంటుంది. చదివేటప్పుడు తేడా కనబడితే మిగతా డిస్కుల నుంచి సరైనది తెచ్చి దిద్దుతుంది. పదేళ్ళ తర్వాత ఆల్బమ్ కావాలని ఎవరో వస్తే ఫోటో సగం బూడిదరంగులో తెరుచుకునే బాధ ఇందులో ఉండదు. ఆరు 8 టీబీ డిస్కులు తీసుకుని రెయిడ్‌జెడ్2 పెట్టండి. ఏ రెండు డిస్కులు పోయినా డేటా ఉంటుంది. 32 టీబీ వస్తుంది, 80 శాతం దాటకుండా వాడితే 25 టీబీ చిల్లర. మూడేళ్ళకు సరిపోతుంది. సర్వర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌కు ట్రూనాస్ వేసుకోండి, జెడ్‌ఎఫ్‌ఎస్ అందులోనే ఉంటుంది, బ్రౌజర్ నుంచే అన్నీ చేసుకోవచ్చు. దానికి వేరే చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టండి.

పాత డిస్కుల్ని నమ్మొచ్చా అన్నారు. పరీక్ష చేసి నమ్మొచ్చు. నేను చూసే వరస ఇది. మొదట స్మార్ట్ రిపోర్టు, అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్క. సాటా డిస్కు అయితే రీఅలొకేటెడ్ సెక్టార్లు (చెడి పక్కన పెట్టినవి), పెండింగ్ సెక్టార్లు (అనుమానంలో ఉన్నవి), అన్‌కరెక్టబుల్ సెక్టార్లు (చదవలేనివి) మూడూ సున్నా ఉండాలి. సీఆర్‌సీ ఎర్రర్లు ఉంటే భయపడకండి, అది కేబుల్ లోపం, పాత చోట జరిగింది కావచ్చు. సాస్ డిస్కు అయితే గ్రోన్ డిఫెక్ట్ లిస్టు (వాడకంలో చెడిన చోట్ల జాబితా) చూడాలి, అది సున్నా కాకపోతే నేను వెనక్కి పంపేస్తాను. గంటలు 40 వేలు చూపిస్తే నాలుగున్నరేళ్ళు తిరిగినట్టు. గంటలు ఎక్కువ, ఆన్ ఆఫ్ చేసిన సంఖ్య తక్కువ ఉన్న డిస్కు ఏసీ గదిలో ఆగకుండా తిరిగిందన్నమాట, నాకు అలాంటివే ఇష్టం. గంటలు 12 అని చూపించే పాత డిస్కంటే నాకు అనుమానం. 2025 మొదట్లో యూరప్‌లో, వాడేసిన సీగేట్ డిస్కుల గంటలను సున్నా చేసి కొత్తవని అమ్మిన వ్యవహారం బయటపడింది. సీగేట్ డిస్కుల్లో ఫార్మ్ అనే వేరే లాగ్ ఉంటుంది, స్మార్ట్ రిపోర్టు చదివే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్రోగ్రామ్ 7.4 వెర్షన్ నుంచి దాన్ని చదవొచ్చు. స్మార్ట్ గంటలూ ఫార్మ్ గంటలూ కలవకపోతే ఆ డీలర్ దగ్గర ఇంకేమీ కొనకండి.

రిపోర్టు బాగుంటే అప్పుడు లాంగ్ టెస్టు (డిస్కు తనను తాను మొత్తం చదువుకునేది), తర్వాత బ్యాడ్‌బ్లాక్స్ రైట్ టెస్టు. అది డిస్కు మొత్తం నాలుగు రకాల నమూనాలతో రాసి, చదివి పోల్చుతుంది. 8 టీబీ డిస్కు ఒక చివర నుంచి ఇంకో చివరకు వెళ్ళడానికే దాదాపు 15 గంటలు. నాలుగు రాతలు, నాలుగు చదువులు కలిపి ఐదు రోజులు. ఆరు డిస్కులకూ ఒకేసారి పెట్టండి. ఐదు రోజులు స్టూడియో పని ఆగుతుందేమో అనిపిస్తుంది గానీ, బలహీనంగా ఉన్న డిస్కు మీ ఫుటేజీ ఎక్కకముందే ఇక్కడ బయటపడుతుంది. మా బావకు కొన్న ఎనిమిదింటిలో ఒకటి మూడో రోజు పెండింగ్ సెక్టార్లు చూపించింది. టెస్టింగ్ వారంటీ కింద మార్చి ఇచ్చారు. అందుకే బిల్లు మీద కనీసం 30 రోజుల వారంటీ రాయించుకోండి.

డిస్కులతో వచ్చే ఇంకో రెండు తిప్పలు. పెద్ద స్టోరేజీ యంత్రాల్లోంచి తీసిన సాస్ డిస్కులు కొన్ని 512 బదులు 520 బైట్ల సెక్టార్లతో వస్తాయి. లినక్స్‌లో డిస్కు కనబడుతుంది గానీ వాడనివ్వదు. పాడైపోయిందనుకుని పారేయకండి. ఎస్‌జీ ఫార్మాట్ అనే కమాండ్‌తో 512కు మార్చుకోవచ్చు, చాలా గంటలు పడుతుంది, మధ్యలో కరెంటు పోకూడదు. రెండోది సాటా ఎంటర్‌ప్రైజ్ డిస్కుల్లో వస్తుంది. కొన్ని మామూలు పవర్ సప్లైకి తగిలిస్తే అసలు తిరగవు. మూడో పిన్‌కు 3.3 వోల్టులు అందితే ఆగిపోయేలా చేసిన ఏర్పాటు అది. ఆ పిన్ మీద సన్నగా కాప్టన్ టేపు (కరెంటు పాకనివ్వని టేపు) అతికిస్తే తిరుగుతాయి.

డిస్కుల్ని పార్సిల్ వేయించుకోవద్దు. కంప్యూటర్ సామాన్ల మార్కెట్లయిన బెంగళూరు ఎస్పీ రోడ్డుకో, సికింద్రాబాద్ సీటీసీకో మీరే వెళ్ళి, స్పాంజిలో చుట్టి బ్యాగులో పెట్టుకుని ఒళ్ళో పెట్టుకుని రండి. సర్వర్ పెట్టె మాత్రం కార్గోలో వేసినా ఏమీ కాదు. ఆరు కావాలంటే ఏడు కొనండి. కర్నూలు నుంచి హైదరాబాదు 200 కిలోమీటర్ల పైన. పెళ్ళిళ్ళ సీజన్లో డిస్కు పోతే ఆ రోజే మార్చాలి, కాబట్టి పరీక్ష చేసిన ఏడోది బీరువాలో ఉండాలి.

ఎక్స్‌టర్నల్ డిస్కుల్ని విప్పడం వద్దు. చిన్న 2.5 అంగుళాలవాటిలో చాలావాటికి యూఎస్‌బీ పోర్టు డిస్కు బోర్డు మీదే అతికి ఉంటుంది, సాటా కనెక్టరే ఉండదు. ఉన్నా చాలావరకు ఎస్‌ఎంఆర్ రకం, అంటే ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా రాసేవి. రాతలో నెమ్మదిస్తాయి, పూల్ తిరిగి కట్టేటప్పుడు రోజుల తరబడి సతాయిస్తాయి.

ఎక్కడ పెట్టాలనేది కర్నూలులో నిజంగా కష్టమైన ప్రశ్న. మేడ మీది గది మే నెలలో పొయ్యిలాగే ఉంటుంది. బయట 43 ఉంటే స్లాబు కింద గది రాత్రి పదింటికి కూడా చల్లారదు. గది 40 ఉంటే డిస్కు 52, 55కు పోతుంది. తయారీదారు ఇచ్చే గరిష్ఠ హద్దు మామూలుగా 60. నేను 45 దాటనివ్వను. పోనీ కింది అంతస్తులో పెడదామా అంటే, 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ ఊళ్ళోకి వచ్చినప్పుడు ఏం జరిగిందో నాకంటే మీకే బాగా తెలుసు. నా సలహా ఏంటంటే, మధ్య అంతస్తులో ఎండ తగలని గది చూసి, గోడకు నాలుగు అడుగుల ఎత్తులో ఒక కడప బండ వేయించి దాని మీద పెట్టండి. బండ చల్లగా ఉంటుంది, అదరదు, బరువు మోస్తుంది. చుట్టూ జానెడు ఖాళీ ఉండాలి. చెక్క కబోర్డులో పెట్టి తలుపు వేయకండి. మనవైపు దుమ్ము సంగతి తెలిసిందే. ముందు భాగానికి సన్నటి నెట్ తగిలించి, నెలకోసారి దులపండి. కొన్న వెంటనే ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్టు, బోర్డు మీది బటన్ సెల్ మార్చేయండి.

వేడి గురించి మా ఇంట్లో జరిగింది చెప్పాలి. 2019 మే నెలలో ఒక రాత్రి ఆరు డిస్కులూ ఒకేసారి చెక్‌సమ్ ఎర్రర్లు చూపించడం మొదలుపెట్టాయి. ఆరూ ఒకేసారి పోయాయనుకుని టెన్షన్‌తో రెండు డిస్కులు మార్చాను కూడా. కొత్తవీ అదే చూపించాయి. చివరికి చేయి పెట్టి చూస్తే హెచ్‌బీఏ కార్డు మీది హీట్‌సింక్ ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఆ కార్డులు రాక్ సర్వర్ల జోరు గాలికి తయారైనవి, నిశ్శబ్దంగా ఉండే టవర్లో వాటికి గాలి చాలదు. హీట్‌సింక్ ఎదురుగా చిన్న ఫ్యాన్ ఒకటి బిగించి, ఎర్రర్లు క్లియర్ చేసి స్క్రబ్ (పూల్ మొత్తం చదివి సరిచూసే పని) నడిపితే ఒక్క ఫైలు కూడా చెడలేదని తేలింది. అప్పటినుంచి ఇది గుర్తు పెట్టుకున్నాను: ఒక్క డిస్కు ఎర్రర్లు చూపిస్తే తప్పు డిస్కుది, అన్నీ చూపిస్తే కార్డు, కేబుల్, పవర్ ఈ మూడింటిలో వెతకాలి. మీరు మాత్రం ఫ్యాన్ మొదటి రోజే బిగించండి. నెలవారీ స్క్రబ్ కూడా ఎండాకాలంలో తెల్లవారుజామున మొదలయ్యేలా పెట్టండి.

కరెంటుకు ఇంటి ఇన్వర్టర్ ఒక్కటే చాలదు. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే సర్వర్ పవర్ సప్లై సరిగా పనిచేయకపోవచ్చు. సైన్ వేవ్ అయినా బ్యాటరీ అయిపోతోందని సర్వర్‌కు చెప్పలేదు. ఇన్వర్టర్ లైను మీద యూఎస్‌బీ కేబుల్ ఉన్న చిన్న సైన్ వేవ్ యూపీఎస్ పెట్టి, కేబుల్ సర్వర్‌కు తగిలించండి. ట్రూనాస్‌లో యూపీఎస్ సర్వీస్ ఉంది, బ్యాటరీ తగ్గగానే అదే పద్ధతిగా షట్‌డౌన్ చేస్తుంది. పది నిమిషాల బ్యాకప్ చాలు. డిస్కులు తిరగడం మొదలైన క్షణంలో ఒక్కోటి 25 వాట్ల దాకా లాగుతుంది, ఆ లెక్క చూసి యూపీఎస్ కొనండి. దాని బ్యాటరీ మన వేడికి తొందరగా పోతుంది. 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకు ఆయుష్షు సగమవుతుందని మామూలు లెక్క. రెండేళ్ళకోసారి మార్చేయండి. బయోస్‌లో కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగుకు కొంచెం ఆలస్యం పెట్టండి, లేకపోతే కరెంటు మూడుసార్లు పోయి వస్తే సర్వర్ కూడా మూడుసార్లు లేచి పడుతుంది.

ఎర్తింగ్ చూపించుకోండి. మన నేల ఎండిపోతే గుంతలో ఎర్త్ పనిచేయదు, కంప్యూటర్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఎలక్ట్రీషియన్‌తో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే గుంత బాగుచేయించాకే సర్వర్ ఆన్ చేయండి. ఎండాకాలంలో గుంతకు నీళ్ళు పోయడం మరవొద్దు.

ఇంత చేసినా ఇది ఒకే కాపీ. దొంగతనం, పిడుగు, వరద, పొరపాటున డిలీట్, ఎడిటింగ్ పీసీలోకి ఫైళ్ళకు తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్, వీటిలో దేన్నీ రెయిడ్ ఆపదు. డిలీట్‌కూ రాన్సమ్‌వేర్‌కూ స్నాప్‌షాట్లు (ఆ క్షణంలో ఫైళ్ళు ఎలా ఉన్నాయో దాచే జెడ్‌ఎఫ్‌ఎస్ ఏర్పాటు) పెట్టుకోండి. రోజుకొకటి తీసి, నెల దాచండి. అడ్మిన్ పాస్‌వర్డు ఎడిటింగ్ పీసీలో సేవ్ చేయకండి. మిగతావాటికి రెండో కాపీ ఇంకో ఊళ్ళో ఉండాలి. మీ అక్కయ్య నంద్యాలలో ఉన్నారని రాశారు, అక్కడ పాత పీసీ ఒకటి, అందులో రెండు పెద్ద డిస్కులు చాలు. మొదటి కాపీని నెట్ మీద పంపే ప్రయత్నం చేయకండి. 50 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో 16 టీబీ పోవడానికి 30 రోజులు పడుతుంది. ఆ పీసీని ముందు మీ ఇంటికే తెచ్చి సర్వర్ పక్కన పెట్టి కాపీ చేస్తే గిగాబిట్ కేబుల్ మీద రెండు రోజుల్లోపు అయిపోతుంది. తర్వాత తీసుకెళ్ళి నంద్యాలలో పెట్టండి. అప్పటి నుంచి జెడ్‌ఎఫ్‌ఎస్ మారిన బ్లాకులను మాత్రమే పంపుతుంది, రాత్రిపూట అయిపోతుంది. సర్వర్ మేనేజ్‌మెంట్ పోర్టునూ (దూరం నుంచి సర్వర్‌ను ఆన్, ఆఫ్ చేసే దారి) ట్రూనాస్ పేజీనీ నేరుగా ఇంటర్నెట్‌కు తెరవకండి, రెండు ఇళ్ళ మధ్య వైర్‌గార్డ్ వీపీఎన్ (రెండిటినీ గుప్తంగా కలిపే దారి) పెట్టుకోండి. పాత డెల్ సర్వర్ల ఐడ్రాక్‌లో (ఆ మేనేజ్‌మెంట్ పోర్టు వెనకున్న సాఫ్ట్‌వేర్) ఫ్యాక్టరీ పాస్‌వర్డే ఉంటుంది, అది అందరికీ తెలిసినదే, మొదటి రోజే మార్చండి.

నంద్యాల కాపీ పూర్తయ్యాక ఒక పాత పెళ్ళి ఫోల్డర్‌ను అక్కడి నుంచి వెనక్కి తెచ్చి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైమ్‌లైన్ మొత్తం ప్లే చేసి చూడండి. అది సరిగ్గా ఆడేవరకు ఆ 14 ఎక్స్‌టర్నల్ డిస్కుల్లో ఒక్కదాన్నీ ఫార్మాట్ చేయకండి.

టీ330 గానీ ఎంఎల్110 గానీ దొరికితే కొనేముందు బేల ఫోటో, మెమరీ స్టిక్కర్ ఫోటో, కార్డు పేరు ఇక్కడ పెట్టండి. చూసి చెప్తాను.